"మిస్ యూ" డిస్కోనా, బ్లూసా: మా షికాగో రోజుల గొడవ

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ అంటే పడిచచ్చేవాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చున్నారంటే ఈ పాట దగ్గర మాటా మాటా పెరగాల్సిందే. "మిస్ యూ" రాక్ పాటా, డిస్కో పాటా, ఆ పాటతో వాళ్ళు డబ్బుకి అమ్ముడుపోయారా లేక ఆ పాటే వాళ్ళని బతికించిందా, 1978లో మొదలైన ఈ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తా. అది బ్లూస్ పాట, అంటే నల్లవాళ్ళ దిగులు పాట, డిస్కో చొక్కా తొడుక్కుని వచ్చింది, అంతే. ఈ మాట పుస్తకాలు చదివి చెప్పట్లేదు, ఆ పాట రేడియోలో కొత్తగా మోగుతున్నప్పుడు నేను షికాగోలో ఉన్నాను, అది కూడా ఊరికి దక్షిణం వైపు, బ్లూస్ మిసిసిపీ నుంచి రైలెక్కి వచ్చి దిగిన పేటలో.

1977 ఆగస్టులో ఎం.ఎస్. చెయ్యడానికి ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వచ్చా. స్టేట్ స్ట్రీట్ మీద ముప్ఫై ఒకటో వీధి నుంచి ముప్ఫై ఐదో వీధి దాకా మా క్యాంపస్, మీస్ వాన్ డెర్ రోహ్ కట్టిన అద్దాల బిల్డింగులు, దాటి అటు చూస్తే పేదవాళ్ళకి ప్రభుత్వం కట్టించిన పెద్ద పెద్ద ఫ్లాట్లు, పడమర వైపు డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే, దానికి అవతల కొమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానం. షికాగో జట్టు వైట్ సాక్స్ వాళ్ళు హోమ్ రన్ కొడితే అక్కడి స్కోర్‌బోర్డు మీంచి తారాజువ్వలు లేచేవి, చదువుకుంటున్న వాళ్ళం కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేవాళ్ళం. వరంగల్ ఆర్.ఇ.సి. హాస్టల్లో ఉన్నప్పుడే బొంబాయి, కలకత్తా కుర్రాళ్ళ పుణ్యమా అని స్టోన్స్ పాటలు కొన్ని విన్నా, సగం పదాలు అర్థం కాకపోయినా ఆ గిటార్ మొదలవగానే కాళ్ళు ఆగేవి కావు. అందుకని అమెరికాలో అడుగు పెట్టాక నేను సొంత డబ్బుతో కొన్న మొదటి ఎల్.పి. వాళ్ళదే అయ్యింది, సెకండ్ హ్యాండ్‌ది.

అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం. ఒకడు ఇండియానాలో గేరీ ఊరివాడు, వాళ్ళ నాన్న స్టీల్ మిల్లులో పనిచేసేవాడు, జుట్టు భుజాల దాకా, గోడ నిండా లెడ్ జెప్లిన్ రాక్ బ్యాండ్ బొమ్మలు. వాడికి సంగీతం అంటే గిటార్, గిటార్ లేనిది సంగీతం కిందికి రాదు. రెండో ఆయన మన తెనాలి ఆయన, పి.హెచ్.డి. చేస్తుండేవారు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఘంటసాల పాటల క్యాసెట్లు ఒక సూట్‌కేసు నిండా తెచ్చుకున్నారు, చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్న మనిషి. ఇక మా ల్యాబ్‌లో నాతో పాటు చదివే నల్లవాళ్ళ అబ్బాయి ఒకడు రోజూ మా రూముకి వచ్చేవాడు, వాళ్ళ ఇల్లు అక్కడికి దగ్గరే. వాళ్ళ నాన్న సిటీ బస్సు నడిపేవాడు, కుర్రతనంలో మిసిసిపీ నుంచి షికాగో వచ్చేసిన మనిషి. ఈ నలుగురి మధ్య జరిగిన వాదనలే నాకు అమెరికా చరిత్ర నేర్పాయి, క్లాసుల్లో అవేవీ చెప్పలేదు మరి.

పాట 1978 మే నెలలో వచ్చింది, ఆల్బమ్ "సమ్ గర్ల్స్" జూన్‌లో. అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. "సాటర్డే నైట్ ఫీవర్" సినిమా 1977 డిసెంబర్‌లో రిలీజై ఊరూ వాడా డిస్కోతో ఊగిపోతోంది, ఏ స్టేషన్ తిప్పినా బీజీస్. ఇంకో పక్క ఇంగ్లండ్‌లో పంక్ కుర్రాళ్ళు లేచి ఈ స్టోన్స్ ముసలాళ్ళు, వీళ్ళ పని అయిపోయింది అంటున్నారు, నిజానికి పాడే మిక్ జాగర్‌కి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళే. పైగా 1977 ఫిబ్రవరిలో టొరంటోలో బ్యాండ్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ హెరాయిన్‌తో పట్టుబడ్డాడు, జైలుకి వెళ్తే బ్యాండ్ ఉంటుందో ఊడుతుందో తెలీదు. అలాంటప్పుడు వచ్చిన పాట ఇది. మా గేరీ వాడు రేడియో పెట్టుకుని స్టోన్స్ కొత్త పాట వస్తోందంట అని ముందురోజు నుంచీ హడావిడి చేశాడు. పాట మొదలైంది, ఆ డ్రమ్ ధం ధం ధం ధం అని ఒకే తీరుగా నడిచింది, వాడి మొహం చూడాలి మీరు. పాట అయ్యేదాకా మాట్లాడలేదు, అయ్యాక "అయిపోయిందిరా, వీళ్ళు కూడా వెళ్ళిపోయారు" అన్నాడు, ఇంట్లో ఎవరో పోయినంత బాధగా. వాడి బాధ నిజమైనదే అని అప్పుడే అనిపించింది, ఇప్పుడూ అదే అంటా. అభిమానం అంటే అలాగే ఉంటుంది, మనవాడు అనుకున్నవాడు పక్కింటి వాళ్ళతో నవ్వుతూ కనపడితే కడుపు మండుతుంది.

అసలు ఆ పాటలో ఏముందో చెప్పకుండా వాదన అర్థం కాదు కాబట్టి ఓపిక పట్టండి. రాక్ పాటలో మామూలుగా డ్రమ్మర్ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద గట్టిగా కొడతాడు, బరువంతా అక్కడే. డిస్కోలో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ నాలుగు దెబ్బలకీ నాలుగుసార్లు పడుతుంది, మధ్య మధ్యలో హై హ్యాట్ తాళం తెరుచుకుంటూ చిస్ చిస్ అంటుంది, అందుకే డాన్స్ ఫ్లోర్ మీద ఎవరైనా అడుగు తప్పకుండా ఆడేయొచ్చు. స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ ఈ పాటలో ఆ నాలుగు దెబ్బల పద్ధతి పట్టుకున్నాడు. కానీ చార్లీ జాజ్ మనిషి, మెషీన్ లాగా కొట్టడం ఆయనకి చేతకాదు, వెనక్కి జారగిలబడి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది ఆ వాయింపు, తొందర లేదు. దాని మీద బిల్ వైమన్ బేస్ గిటార్, పై స్వరానికి ఎగిరి మళ్ళీ కిందకి దిగే ఆ నడక, దాని మొలక కీబోర్డు వాయించే బిల్లీ ప్రెస్టన్ దగ్గరిది, 1977 మార్చిలో టొరంటోలో ఎల్ మొకాంబో క్లబ్బు షోల రిహార్సల్స్‌లో ఆయనా జాగరూ సరదాగా వాయించుకుంటుంటే పుట్టిన పాట ఇది. తర్వాత పారిస్ పక్కన పాతే మార్కోనీ స్టూడియోలో రికార్డ్ చేశారు. ఎలక్ట్రిక్ పియానో ఫేసెస్ బ్యాండ్ ఇయన్ మెక్లాగన్‌ది, శాక్సఫోన్ మెల్ కాలిన్స్‌ది, ఆయన కింగ్ క్రిమ్సన్‌లో వాయించినాయన. ఇక మౌత్ ఆర్గన్, దాని సంగతి తర్వాత చెప్తా, నాకు పాట మొత్తానికి ప్రాణం అదే.

మా తెనాలి ఆయనకి రాక్ గొడవ పట్టేది కాదు. "ఏంటయ్యా ఆ ఊ ఊ అనడం, జ్వరం వచ్చినవాడు మూలిగినట్టు" అనేవారు. అలాంటిది ఓ ఆదివారం వంకాయ కూర కలుపుతూ ఆ మాటల్లేని పల్లవినే కూనిరాగం తీస్తున్నారు, మేం చూశామని ఆపలేదు కూడా, "ఒరేయ్ ఇది మన శుద్ధ ధన్యాసికి దగ్గరగా ఉందిరా, వినలేదూ" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. బ్లూస్ వాళ్ళు వాడుకునే ఐదు స్వరాల మైనర్ స్కేలు, మన శుద్ధ ధన్యాసి స్వరాలు ఒకటే, స గ మ ప ని. గమకం వేరు, తీరు వేరు, కానీ ఆ ఐదు మెట్లూ అవే. కృష్ణా ఒడ్డున పెరిగిన మా చెవులకి షికాగో బ్లూస్ అంత త్వరగా ఎందుకు ఎక్కేసిందో ఆ వంటింట్లోనే తెలిసింది. ఆ తర్వాత ఆయన డిస్కో అన్న మాటే ఎత్తలేదు, "ధన్యాసి పాట పెట్టరా" అనేవారు.

ఇంకో సంగతి ఉంది, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించా. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. నేను షికాగో వచ్చిన మూడు నెలలకి, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఇక్కడి పేపర్లలో కొన్ని లైన్లు, వేలల్లో పోయారని, ఆంధ్రా తీరం అని, అంతే. మా ఇంట్లో ఫోన్ లేదు, ఊళ్ళో పోస్టాఫీసు ఉందో కొట్టుకుపోయిందో తెలీదు, విజయవాడ బాబాయి వాళ్ళకి ట్రంక్ కాల్ బుక్ చేసి ఆ ఫోన్ పక్కనే కూర్చోవడం, లైన్ కలవలేదని ఆపరేటర్ చెప్పడం, మళ్ళీ బుక్ చెయ్యడం. చివరికి టెలిగ్రామ్ వచ్చింది మావాళ్ళు ఉన్నారని, ఎవరెవరు లేరో తర్వాత ఏరోగ్రామ్‌లో నాన్న పేర్లు రాసి పంపారు, ఆ ఉత్తరం ఇంకా ఉంది నా దగ్గర. ఆ చలికాలమంతా నాకు ఫోన్ మోగితే గుండె ఆగినట్టు ఉండేది. మళ్ళీ ఎండాకాలం రాగానే ఈ పాట వచ్చింది. అందులో మనిషి ఒంటరిగా పడుకుంటాడు, నిద్ర రాదు, ఫోన్ కోసం చూస్తాడు, స్నేహితులు ఫోన్ చేసి వచ్చేస్తాం సరదాగా తాగుదాం అంటే ఆ సరదా అతనికి అక్కర్లేదు, చీకటి పడ్డాక సెంట్రల్ పార్కులో పిచ్చివాడిలా నడుస్తాడు. ఒక ఆడమనిషి కోసం పాడింది అది, నా సంగతి వేరే, అయినా ఆ ఎదురుచూపు నాకు తెలుసు. గేరీ వాడు దాన్ని గంతులేసే పాట అంటే అందుకే ఒప్పుకోబుద్ధి కాలేదు. కింద కాళ్ళని ఆడిస్తుంది, పైన మనసు ఏడుస్తుంది, రెండూ ఒకేసారి. మన పల్లెల్లో పొలం పాటలు కూడా చేతులు ఆడుతుండగానే కదా దిగులు పాడేవి.

ఈ మాట మా ల్యాబ్ ఫ్రెండ్‌తో అంటే వాడు "మా ఇంటికి రా, మా నాన్నకి వినిపిద్దాం" అన్నాడు. బస్సు డ్యూటీ దిగి వచ్చిన ఆ పెద్దాయన టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నారు, ఇంట్లో షికాగో బ్లూస్ పెద్దలు మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, మౌత్ ఆర్గన్ వాయించే లిటిల్ వాల్టర్ల రికార్డులు బీరువా నిండా. పాట పెట్టాం. డ్రమ్‌కి ఏమీ అనలేదు, జాగర్ గొంతుకి చిన్నగా నవ్వారు, మౌత్ ఆర్గన్ రాగానే చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసి ముందుకు వంగారు. "ఈ పిల్లాడు ఎవరు? లిటిల్ వాల్టర్‌ని బాగా విన్నాడు వీడు" అన్నారు. ఆ పిల్లాడి పేరు షుగర్ బ్లూ, న్యూయార్క్ హార్లెంలో పుట్టినవాడు, బ్లూస్ పియానో ఆయన మెంఫిస్ స్లిమ్ సలహా మీద పారిస్ వెళ్ళి అక్కడ వీధుల్లో, మెట్రో స్టేషన్లలో వాయించుకుంటుంటే స్టోన్స్ వాళ్ళ చెవిన పడ్డాడు. ఆ పాటలో గిటార్‌తో జతగా నడిచే ఆ ముఖ్యమైన వరస అతనిదే. మరి పాటకి గుర్తు పట్టే ముక్క మౌత్ ఆర్గన్ అయినప్పుడు, వాయించినవాడు బ్లూస్ మనిషి అయినప్పుడు, దాన్ని డిస్కో అని తోసేస్తే ఎలా?

పెద్దాయన ఆ రోజు ఇంకో మాట చెప్పారు. స్టోన్స్ పేరు ఎక్కడిది, మడ్డీ వాటర్స్ 1950లో చేసిన "రోలింగ్ స్టోన్" పాట నుంచి కదా. 1964 జూన్‌లో వాళ్ళు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు షికాగోలో మడ్డీ వాటర్స్ లాంటి వాళ్ళు రికార్డ్ చేసే చెస్ స్టూడియోకి వచ్చి రికార్డ్ చేసుకున్నారు, 2120 సౌత్ మిచిగన్ అవెన్యూ, మా క్యాంపస్‌కి కూతవేటు దూరం, ఆ అడ్రసునే ఒక వాద్య సంగీతం ముక్కకి పేరుగా పెట్టుకున్నారు. అప్పట్లో నల్లవాళ్ళు ఏం వింటున్నారో దాన్ని విని తమదైన పద్ధతిలో వాయించడం వాళ్ళు మొదట్నుంచీ చేసిన పని. 1964లో నల్లవాళ్ళ క్లబ్బుల్లో బ్లూస్, సోల్ మోగేవి, వీళ్ళు అది పట్టుకున్నారు. 1978లో అవే పేటల్లో డిస్కో మోగుతోంది, వీళ్ళు ఇది పట్టుకున్నారు. "వాళ్ళేమీ మారలేదు, పేటలో పాట మారింది" అన్నారాయన. ఈ పాట మీద నేను విన్న ఏ విమర్శకుడి మాటా నాకు దీనికి సాటి రాలేదు.

1978 జులై 8, శనివారం, సోల్జర్ ఫీల్డ్‌లో స్టోన్స్ కచేరీ. గేరీ వాడు అలిగాడే కానీ టికెట్ కొనకుండా ఉండగలడా, ఇద్దరం కలిసే వెళ్ళాం, ఎండ మాడ్చేస్తోంది, లేక్ మీంచి గాలి కూడా లేదు. చక్ బెరీ పాటతో మొదలెట్టారు, వాడు నా భుజం పట్టుకుని గంతులు. కొత్త ఆల్బమ్ పాటలు వరసగా వచ్చాయి, "మిస్ యూ" మొదలవగానే జనం రెండుగా చీలినట్టు అనిపించింది నాకు, మా ముందున్న గడ్డపు మనుషులు చేతులు కట్టుకుని నిలబడిపోయారు, ఎడమ పక్క అమ్మాయిలంతా ఊగుతున్నారు. మావాడు చేతులైతే కట్టుకున్నాడు, కాలు మాత్రం ఆడుతోంది, నేను చూశా. మర్నాడు రాత్రి క్వైట్ నైట్ అనే క్లబ్బులో మడ్డీ వాటర్స్ పాడుతుంటే స్టోన్స్ వెళ్ళి ఆయన పక్కన నిలబడి వాయించారట, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది, ఇప్పటికీ ఆ రాత్రి తల్చుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆగస్టు 5న పాట బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ అయ్యింది, బీజీస్ తమ్ముడు ఆండీ గిబ్ పాటని దింపి మరీ, ఒక్క వారమే ఉంది. అమెరికాలో స్టోన్స్‌కి అది ఎనిమిదో నంబర్ వన్, ఆ తర్వాత మళ్ళీ ఆ మెట్టు వాళ్ళు ఎక్కలేదు.

అదే ఆల్బమ్‌లో అన్నీ మెచ్చుకోదగ్గవి అని నేను అనను. ఆల్బమ్ పేరు పెట్టిన పాటలో నల్లజాతి ఆడవాళ్ళ గురించి ఒక నీచమైన లైన్ ఉంది, మా షికాగో నుంచే నల్లవాళ్ళ హక్కుల నాయకుడు రెవరెండ్ జెస్సీ జాక్సన్ దాని మీద గట్టిగా లేచారు, మా ల్యాబ్ ఫ్రెండ్ వాళ్ళ అక్క ఆ రికార్డు ఇంట్లో పెట్టనివ్వలేదు. వాడు "మిస్ యూ" ఒక్కటీ సింగిల్‌గా కొనుక్కున్నాడు. ఆ కుటుంబం తీసుకున్న తూకం నాకు సరైనదే అనిపించింది, మంచి పాటకి మంచి మాట, చెడ్డ పాటకి చెడ్డ మాట.

ఇక 1979 జులై 12. ఆ రాత్రి సంగతి అమెరికా సంగీతం గురించి చదివిన అందరికీ తెలుసు, నాకు మాత్రం కిటికీలోంచి తెలుసు. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ ఉండేవాడు, అతను పనిచేసే రాక్ స్టేషన్ డిస్కోకి మారిపోవడంతో ఉద్యోగం పోయి, డబ్ల్యు.ఎల్.యు.పి. స్టేషన్‌లో చేరి డిస్కో మీద యుద్ధం ప్రకటించాడు. కొమిస్కీ పార్క్‌లో వైట్ సాక్స్‌కీ డెట్రాయిట్ టైగర్స్‌కీ ఒకే రోజు రెండు మ్యాచులు, ఒక డిస్కో రికార్డు తెచ్చిస్తే టికెట్ 98 సెంట్లే, మొదటి మ్యాచ్ అయ్యాక ఆ రికార్డులన్నీ డబ్బాలో పోసి మైదానం మధ్యలో పేల్చేస్తారు. మైదానం నిండిపోయి ఇంకా వేలమంది బయట గోడలెక్కుతున్నారు, పేలుడు శబ్దం మా ఇంటి దాకా వచ్చింది, హోమ్ రన్ తారాజువ్వల చప్పుడు లాంటిది కాదది. తర్వాత వేలమంది మైదానంలోకి దూకి గడ్డి పీకేసి మంటలు పెట్టారు, పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు, రెండో మ్యాచ్ ఆడే వీల్లేక డెట్రాయిట్ గెలిచినట్టు రాసేశారు.

మా గేరీ వాడు వెళ్ళాడు. వాళ్ళ చెల్లెలి బీజీస్ రికార్డు పట్టుకుని వెళ్ళాడు. మా ఇంట్లో "మిస్ యూ" పన్నెండు అంగుళాల రికార్డు ఉండేది, గులాబీ రంగు వినైల్, కవర్ మీద డిస్కో వెర్షన్ అని అచ్చు వేసి మరీ ఉంది, అది మాత్రం ముట్టుకోలేదు. రాత్రి పొగ వాసనతో తిరిగొచ్చాక ల్యాబ్ ఫ్రెండ్ అక్కడే ఉన్నాడు, ఇది ఎందుకు తీసుకెళ్ళలేదురా, ఇదీ డిస్కోనే అని పదిసార్లు అన్నావుగా అని అడిగాడు. "అది వేరే, స్టోన్స్ మనవాళ్ళు" అన్నాడు వీడు. "మనవాళ్ళు అంటే ఎవరు?" అన్నాడు వాడు, గొంతు పెంచకుండానే. గదిలో అందరం కాసేపు మాట్లాడలేకపోయాం. ఎందుకంటే ఆ రోజు మైదానంలో అషర్‌గా, అంటే జనానికి సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు తర్వాత చాలాసార్లు చెప్పాడు, జనం పట్టుకొచ్చిన రికార్డుల్లో డిస్కో కానివి ఎన్నో ఉన్నాయని, అవి నల్లవాళ్ళు పాడినవి అన్నదే తేడా అని. గేరీ వాడు చెడ్డవాడు కాదు, నా దివిసీమ చందాల డబ్బాలో తన వారం జీతం మొత్తం వేసినవాడు, నేను ఎప్పటికీ మర్చిపోను. కానీ ఆ రాత్రి ఆ ప్రశ్నకి వాడి దగ్గర జవాబు లేదు. ఒకే నాలుగు దెబ్బలు, తెల్లవాళ్ళ బ్యాండ్ కొడితే మనది, నల్లవాళ్ళు కొడితే పేల్చెయ్యాలి, ఈ లెక్క ఎక్కడిది?

తమాషా ఏంటంటే బ్యాండ్‌లోనే ఈ పాట మీద ఏకాభిప్రాయం లేదు. జాగర్ మేం డిస్కో పాట చేద్దామని కూర్చుని చెయ్యలేదు అన్న ధోరణిలో మాట్లాడేవాడు. కీత్ మాత్రం ఇది మిక్ న్యూయార్క్‌లో స్టూడియో 54 అనే డిస్కో క్లబ్బులో గడిపిన రాత్రుల ఫలితం అని, కావాలనే డిస్కోగా చేశామని, చేస్తే మంచి డిస్కో చేశామని తేల్చేశాడు. చార్లీ మరీ నిజాయితీపరుడు, క్లబ్బులకి వెళ్ళి విన్న ఫిలడెల్ఫియా పద్ధతి డ్రమ్మింగ్ తన చేతిలోకి వచ్చింది అని ఒప్పేసుకున్నాడు. బీటిల్స్ జాన్ లెనన్ 1980లో అయితే ఇది తన "బ్లెస్ యూ" పాటని వేగం పెంచి చేసింది అనీ, అయినా తనకి మిక్ చేసిందే ఎక్కువ నచ్చిందనీ అన్నాడు, పెద్ద మనసు.

ఇదే బాట పట్టిన మిగతా రాక్ వాళ్ళ గురించి కూడా వాదించుకునేవాళ్ళం. రాడ్ స్టీవర్ట్ పాట 1978 చివర్లో వచ్చింది, నాకు ఎక్కలేదు. 1979లో కిస్ వాళ్ళది, అది చక్కగా అతికినట్టు ఉంటుంది కానీ లోపల దిగులు లేదు. పింక్ ఫ్లాయిడ్ బడి పిల్లల పాట వెనక ఉన్నది కూడా డిస్కో బీటే, ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్ పట్టుబట్టి పెట్టించాడు, కానీ దాన్ని ఎవరూ డిస్కో అని తిట్టరు ఎందుకో. 1980లో క్వీన్ బ్యాండ్‌లో జాన్ డీకన్ "షీక్" అనే డిస్కో బ్యాండ్ బేస్ విని తన బేస్ లైన్ కట్టాడు, అది గొప్ప పాట, మా ల్యాబ్ ఫ్రెండ్‌కి "మిస్ యూ" కంటే అదే ఇష్టం. ఆ విషయంలో వాడితో నాకు ఇప్పటికీ రాజీ లేదు.

అదే 1980 చివర్లో ఇంటికి వెళ్తే విజయవాడ బీసెంట్ రోడ్ మీద ప్రతి క్యాసెట్ షాపులోనూ "కుర్బానీ" హిందీ సినిమా పాట, నాజియా హసన్ గొంతు, అదే నాలుగు దెబ్బలు. సంగీతం చేసిన బిడ్డు మన బెంగుళూరు వాడు, లండన్ వెళ్ళి అక్కడ డిస్కో హిట్లు చేసినవాడు. షికాగోలో పేల్చేసిన బీటు బెజవాడలో పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతోంది, ఆ మాట మా గేరీ వాడికి ఉత్తరం రాశా.

షికాగోలో కూడా అది చావలేదు లెండి. జెఫర్సన్ స్ట్రీట్‌లో వేర్‌హౌస్ అనే క్లబ్బు 1977 నుంచీ నడుస్తుండేది, ఫ్రాంకీ నకుల్స్ అక్కడ రికార్డులు తిప్పుతూ అదే నాలుగు దెబ్బల్ని సాగదీసి కొత్త సంగీతం పుట్టించాడు, క్లబ్బు పేరు మీదే హౌస్ అన్న పేరు వచ్చిందంటారు. కొమిస్కీ పార్క్‌లో అషర్‌గా నిలబడ్డ ఆ విన్స్ లారెన్సే 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి మొదటి హౌస్ రికార్డుల్లో ఒకటి తీశాడు. ఇక షుగర్ బ్లూ కూడా షికాగోకే వచ్చేశాడు, విల్లీ డిక్సన్ బృందంలో వాయించాడు, "మిస్ యూ"ని తన సొంత ఆల్బమ్‌లో మళ్ళీ చేశాడు. ఉత్తరం వైపు ఒక క్లబ్బులో అతన్ని విన్నా నేను, అప్పటికి నాకు పెళ్ళైంది, మా ఆవిడని తీసుకెళ్ళా. మొదటి వరస వాయించగానే హాలంతా గుర్తుపట్టి కేకలేసింది. ఆ రాత్రి డిస్కో దెబ్బలు అంతగా లేవు, మామూలు బ్లూస్ బ్యాండే వెనక, అయినా పాటకి ఏ లోటూ రాలేదు, నిలబడింది, ఇంకా బాగా నిలబడింది. బస్సు నడిపిన ఆ పెద్దాయన మాట ఆ క్లబ్బులో కళ్ళెదుట రుజువైంది నాకు.

2021 ఆగస్టు 24న చార్లీ పోయినప్పుడు గేరీ వాడు ఫోన్ చేశాడు, ఇప్పుడు రిటైరై మిచిగన్‌లో ఉంటున్నాడు. "పొద్దున్నుంచీ మిస్ యూనే వింటున్నానురా" అన్నాడు. వాడి నోటితో ఆ పాట పేరు ప్రేమగా రావడం అదే మొదటిసారి వినడం నేను. చార్లీ జాగాలో ఇప్పుడు స్టీవ్ జోర్డన్ కొడుతున్నాడు, బిల్ వైమన్ వెళ్ళిపోయాక వచ్చిన డారిల్ జోన్స్, ఆయనా మా షికాగో వాడే, స్టేజి మీద ఈ పాట మధ్యలో బేస్ సోలో వాయిస్తుంటే జనం ఊగిపోతారు. అయితే గొడవ ఆగలేదు, స్థలం మారింది అంతే. గేరీ వాడు ఆల్బమ్‌లో ఉన్న నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లదే అసలు పాట అంటాడు, అంతకు మించి సాగదీస్తే అది డాన్స్ ఫ్లోర్ సరుకు అంటాడు. నేను ఆ గులాబీ రికార్డు మీదున్న ఎనిమిదిన్నర నిమిషాల వెర్షన్ పక్షం. బాబ్ క్లియర్‌మౌంటెన్ రీమిక్స్ చేసింది అది. అందులో షుగర్ బ్లూకి, మెల్ కాలిన్స్‌కి బోలెడంత చోటు దొరికింది, బేస్ ఒక్కటే నడుస్తుంటే మౌత్ ఆర్గన్ దూరం నుంచి వచ్చి మళ్ళీ పోతుంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని అది వినండి, విన్నాక డిస్కోనా బ్లూసా మీరే కింద రాయండి, గేరీ వాడికి చదివి వినిపిస్తా.